మెర్సర్ వీధి మట్టి

"పాస్ లేకపోతే లోపలికి వదలను పెద్దాయనా. ఈ మాట చెప్పడం ఇది మూడోసారి."

"నేనూ మూడోసారే చెబుతున్నా. నాకు పాస్ అక్కర్లేదు. నలభై ఒక్క ఏళ్లు ఈ జట్టు మైదానం చూసినవాణ్ణి."

"ఈ స్టేడియం కట్టడం అయిందే మొన్న. నలభై ఒక్క ఏళ్లు ఎక్కడ చూశారు?"

"ఇక్కడ కాదయ్యా. మెర్సర్ వీధిలో, పాత పార్కులో. నేను పనిలో చేరేనాటికి నువ్వు పుట్టి కూడా ఉండవులే."

"నాకు యాభై రెండు సార్. మెర్సర్ వీధిలో మా నాన్న భుజాల మీద కూర్చుని ఆట చూశాను. అయినా పాస్ పాసే."

"సరే, పేరు రాసుకో. ఎమిల్ హుస్కా."

"హుస్కా? లోరెటా గారికి ఏమవుతారు?"

"ఏమీ అవను."

"ఆ ముక్కు చూస్తేనే తెలుస్తోంది. లోరెటా గారి నాన్నగారా! ఆ మాట ముందే చెప్పొద్దూ? రండి రండి. మీ అమ్మాయి ఉన్నారు చూశారూ, ఆవిడ ఒప్పుకోందే ఇక్కడ పిచ్చుక కూడా గడ్డి మీద వాలదు."

"పంతొమ్మిదేళ్లు దాన్ని అందరూ ఎమిల్ కూతురు అనేవాళ్లు. ఇదీ రాసుకో."

ఏప్రిల్ మొదటి వారం, ఉదయం పది గంటలు. సరస్సు మీంచి ఈదురుగాలి కొడుతోంది. రేపు ఈ స్టేడియంలో మొట్టమొదటి బేస్‌బాల్ ఆట. ఎమిల్‌కి అరవై తొమ్మిదేళ్లు. పోయిన సెప్టెంబరులో పాత పార్కులో ఆఖరి ఆట ముగిశాక ఆయన ఇల్లు కదలలేదు. అక్కడ గడ్డి, మట్టి చూసుకునే పనిలో ఆయన కింద పనిచేసిన కూతురు లోరెటానే ఈ కొత్త మైదానానికి పెద్ద.

"నాన్నా! నువ్వా? ఎలా వచ్చావ్?"

"బస్సులో."

"ఒక్క ఫోన్ చేస్తే నేనే వచ్చి తీసుకొచ్చేదాన్ని కదా."

"నువ్వు పెద్దదానివైపోయావ్, నీకు తీరికెక్కడిది? మీ అమ్మ గసగసాల రొట్టె పంపింది. ఇచ్చి పోదామని వచ్చా."

"ఇచ్చి పోతావా? చూడవా?"

"చూశాగా. బాగుంది. వెళ్తా."

"ఎక్కడ చూశావ్, ఇంకా పై మెట్టు మీదే ఉన్నావ్. రా, గడ్డి దాకా రా. మెల్లగా, మోకాలు జాగ్రత్త."

"నా మోకాలి సంగతి నాకు వదిలెయ్. ఇదేంటే, ఇంత లోతుకి తవ్వారేం?"

"ముప్ఫై అడుగులు. సరస్సు గాలి పైనుంచే పోతుంది, బంతిని అటూ ఇటూ తిప్పదు."

"గాలి తిప్పని బేస్‌బాల్ ఏం బేస్‌బాల్? మెర్సర్ వీధిలో ఆ గాలితోనే సగం ఆటలు గెలిచాం."

"సగం ఓడాం కూడా."

"పైన అదేంటి, ఓడని బోర్లించినట్టు?"

"కప్పు. వానొస్తే పన్నెండు నిమిషాల్లో మూసుకుంటుంది. రెక్కలు పట్టాల మీద జరుగుతాయి. మొన్న మంచు పడ్డప్పుడు మూసేశాం, కింద రవ్వంత తడి లేదు."

"బటన్ నొక్కితేనా?"

"బటన్ నొక్కితే."

"మేం పద్దెనిమిది మందిమి టార్పాలిన్ పట్టుకుని పరిగెత్తేవాళ్లం. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లు. ఒకసారి గాలికి టార్పాలిన్ లేచి నన్ను చుట్టేసింది, గుర్తుందా? ముప్ఫై వేల మంది ‘ఎమిల్, ఎమిల్’ అని అరిచారు. నీ బటన్‌కి ఎవరు చప్పట్లు కొడతారు?"

"ఎవరూ కొట్టరు నాన్నా."

"అదే చెబుతున్నా. ఆ కుడి గోడేంటి, మేస్త్రీ తాగి కట్టాడా? మధ్యలో విరిగినట్టుంది."

"దాని వెనక రైలు పట్టాలున్నాయి. ఈ స్థలమంతా ఒకప్పుడు గూడ్స్ యార్డు కదా. అన్నీ ఇచ్చారు గానీ ఒక్క లైను మాత్రం వదలం అన్నారు రైల్వే వాళ్లు. లైను వంగదు కాబట్టి గోడ వంగింది. ఆట జరుగుతుంటే అటుగా పోయే డ్రైవరు కూత వేస్తాడు."

"పిచర్ బంతి వేసేటప్పుడు కూత వేస్తే?"

"వేస్తే వేశాడు. పాత పార్కులో ఎడమ గోడ వెనక లాండ్రీ పొగ వచ్చి ఆటగాళ్ల కళ్లలో పడేది కాదూ? అదే మన పార్కు అందం అని పేపరు వాళ్లకి చెప్పేవాడివి నువ్వు."

"అది వేరు. పొగ నిజంగా అందంగా ఉండేది. గడ్డి ఏం గడ్డి ఇది?"

"మన పాత పార్కులో వేసిన నీలి గడ్డి రకమే. కింద అడుగున్నర ఇసుక, దాని కింద గొట్టాలు. గొట్టాలకి ఫ్యాన్లు. ఎంత వాన పడ్డా నీళ్లు లాగేస్తాయి. చలికాలం అవే వెచ్చటి గాలి వదులుతాయి. మట్టిలో తడి ఎంతుందో ఇదిగో, ఫోన్‌లో కనబడుతుంది."

"చెయ్యి పెడితే తెలియదా?"

"తెలుస్తుంది. నేనూ పొద్దున్నే చెయ్యే పెట్టి చూస్తా. తర్వాతే ఫోన్."

"మరి ఫోన్ దేనికి?"

"నేను చెప్పింది నిజమని ఆఫీసులో వాళ్లకి చూపించడానికి."

"ఊఁ. ఆ మూల పసుపుగా ఉందే."

"తెలుసు."

"కుడి మూల. గోడ వంగిన చోట. కప్పు నీడ పడుతున్నట్టుంది."

"తెలుసు నాన్నా. చక్రాల మీద దీపాల బండ్లు పెట్టి రోజుకి పద్నాలుగు గంటలు వెలుగు ఇస్తున్నాం. వేరు పట్టింది, రంగే ఇంకా తిరగలేదు."

"దీపాలతో గడ్డి పెంచుతారా! సూర్యుడికి కూడా నాలాగే సెలవిచ్చేశారన్నమాట."

"నాన్నా."

"నేనేమన్నాను? ఉన్న మాటే అన్నా. పేపరులో నీ మీద నిండు పేజీ రాశారు. ఫోటో వేశారు. మైదానం మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డావ్. ఆ నిలబడ్డం నాది. నా దగ్గర చూసి నేర్చుకున్నదే."

"నీ పేరు కూడా రాశారుగా."

"ఒక్క చోట. అదీ ఎమిలీ అని, ఆడపేరు రాశారు. మీ అమ్మ రెండు రోజులు నన్ను ఎమిలీ అనే పిలిచింది."

"నేను వాళ్లకి ఫోన్ చేశాను, సరిచేస్తామన్నారు."

"సరిచేశారు. మర్నాడు, ఆరో పేజీలో, చనిపోయినవాళ్ల ప్రకటనల పక్కన. నవ్వకు."

"నవ్వట్లేదు."

"నవ్వుతున్నావ్. సరేగానీ, ఈ మట్టి చూడు. బేస్‌ల చుట్టూ పోసింది. తుప్పు రంగు. ఎక్కణ్ణుంచి తెప్పించారే దీన్ని? దీని మీద బంతి ఎటు దూకుతుందో దేవుడికే తెలియాలి."

"అంత చెడ్డగా ఉందా?"

"చూస్తేనే తెలుస్తోంది. ప్రాణం లేని మట్టి."

"ముట్టుకుని చూడు."

"ముట్టుకోవాల్సిన పని లేదు. నలభై ఒక్క ఏళ్లు చూసిన కళ్లివి."

"ఒక్కసారి నాన్నా. నా భుజం పట్టుకుని వంగు. ఆఁ, అలా."

"ఇదేంటే."

"ఏంటి?"

"ఇందులో ఇటుక పొడి ఉంది."

"ఉంది."

"ఇటుకల బట్టీ మీద కట్టిన పార్కు మాదొక్కటే. ఇది... లోరెటా, ఇది నా మట్టి!"

"నీదే. ఆఖరి ఆట అయిన మర్నాడు పదకొండు లారీల్లో తోలించాను. కూల్చేవాళ్లు వచ్చేలోపు. రాత్రికి వానన్నారు, నేనే పార పట్టుకుని దిగాను."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు ఫోన్ ఎత్తితే కదా. అమ్మకి చెబితే, ఇప్పుడు మైదానం మాట ఎత్తకే, ప్లేటు విసిరేస్తున్నాడు అంది."

"ఒక్క ప్లేటే విసిరా."

"ప్రాణం లేని మట్టి అన్నావ్."

"విన్నావా? వినలేదనుకో. అంటే నా ఉద్యోగం ఒక్కటే కాదు, నా కాళ్ల కింద మట్టి కూడా ఎత్తుకొచ్చేశావన్నమాట."

"అలా ఎందుకనుకుంటావ్?"

"ఎలా అనుకోమంటావ్? రోజూ ఏడింటికి టీవీలో నువ్వు. మీ అమ్మ ‘ఎమిల్ రా, అమ్మాయి వచ్చింది’ అంటుంది. నేను లేచి వంటింట్లోకి పోయి కుళాయి తిప్పుకుని నిలబడేవాణ్ణి, నీ గొంతు వినబడకుండా. కన్న కూతుర్ని చూసి కుళ్లుకునే తండ్రి ఎవడైనా ఉంటాడా? ఉన్నాడు. చూడు."

"ఉండు నాన్నా, ఫోన్. హలో. ఆఁ, లోరెటానే. కుదరదండి. నిన్నా చెప్పాను, కుదరదు. బ్యాండు మేళమా? ఎంత మంది? నూట ఇరవై మందా! నూట ఇరవై జతల బూట్లు నా గడ్డి మీదా? ఆయనే చెప్పారా? క్లబ్బు ప్రెసిడెంటు గారు చెప్పినా అంతే. మేళాన్ని గోడ చుట్టూ ఉన్న కంకర బాట మీద నడవమనండి. ఆయన్నే నాతో మాట్లాడమనండి పోనీ. సరే. ఉంటాను."

"ప్రెసిడెంటుకే కుదరదన్నావా?"

"అన్నాను."

"నేనైతే నడవమనేవాణ్ణి."

"తెలుసు. ఓసారి సర్కసు ఏనుగుల్ని కూడా నడవమన్నావ్."

"నాలుగే ఏనుగులు. పైవాళ్ల ముందు నాకు నోరు పెగిలేది కాదే. టోపీ తీసి చేత్తో పట్టుకునేవాణ్ణి. వాళ్లు పోయాక మీ మీద అరిచేవాణ్ణి. నీకా ‘కుదరదు’ ఎక్కణ్ణుంచి వచ్చింది? నా దగ్గర మాత్రం నేర్చుకోలేదు. అదే నాకు ఇంకా మంట."

"రొట్టె తిందాం రా. ఇలా ఆటగాళ్ల బల్ల మీద కూర్చుందాం. గాలి తగలదు."

"లోరెటా."

"ఊఁ."

"నాకు కార్డు వచ్చింది. రేపు ఆటకి ముందు నీ పక్కన నిలబడాలట. పాత పార్కులో బ్యాటు పట్టేవాళ్ల ముందుండే ఆ తెల్ల పలక, హోమ్ ప్లేటు, తవ్వి తెచ్చారట కదా, దాన్ని ఇద్దరం కలిసి ఇక్కడ నేలలో పెట్టాలట. ప్రెసిడెంటు నా గురించి నాలుగు మాటలు మాట్లాడతాడట."

"నీకిష్టం లేకపోతే రాకపోయినా ఫర్వాలేదు. రేపు చలి బాగా ఉంటుందట."

"నన్ను రావద్దంటున్నావా?"

"రావద్దనట్లేదు. మోకాలు నొప్పి కదా, అంతసేపు నిలబడాలి కదా అని."

"కప్పు ఉంది, వెచ్చటి గాలి వదిలే ఫ్యాన్లు ఉన్నాయి, చలెక్కడిది? నీ పక్కన నేనుంటే నీ ఫోటో పాడవుతుందా?"

"అబ్బ, అది కాదు నాన్నా!"

"అరవకు. నేనూ రాననే చెబుదామని వచ్చా. రొట్టె సాకు. నీ పక్కన నిలబడే మొహం నాకు లేదు."

"ఎందుకు లేదు?"

"నువ్వు రొట్టె తిను ముందు. తిన్నాక చెబుతా. తింటున్నావా? సరే. పోయిన జూన్‌లో క్లబ్బు వాళ్ల దగ్గర్నుంచి నాకొక ఉత్తరం వచ్చింది."

"ఊఁ."

"మీ అసిస్టెంటు లోరెటా హుస్కా కొత్త మైదానం నడపగలదా, మీ అభిప్రాయం రాయండి అని. నా ఒళ్లు మండిపోయింది. నువ్వు చేస్తావా ఎమిల్ అని నన్ను అడగలేదు. ఆ ఒక్క ముక్క అడగలేదు. గొట్టం పట్టుకోవడం దగ్గర్నుంచి నేను నేర్పినదాని గురించి, నన్నే అడుగుతున్నారు! ఆ రాత్రే జవాబు రాశాను. మీ అమ్మకి కూడా చెప్పలేదు."

"నాన్నా, వదిలెయ్."

"వదలను, పది నెలలుగా నా గొంతులో ఉంది. నీ మీద చెడ్డగా రాశాను. నీకు రాకూడదని రాశాను. మొండిది, ఎవరి మాటా వినదు అని రాశాను. ఒక మూల పసుపు పట్టిందంటే..."

"‘ఒక మూల పసుపు పట్టిందంటే మొత్తం పీకి మళ్లీ వేయాలంటుంది. తడి నేల మీద యజమాని వచ్చి నిలబడ్డా బయటికి పొమ్మంటుంది. దీన్ని పెట్టుకుంటే మీకు రోజూ గొడవే.’"

"నీకు... నీకెలా తెలుసు?"

"ఉద్యోగం ఇచ్చే రోజున ప్రెసిడెంటే నాకు చదివి వినిపించాడు. చదువుతూ పడి పడి నవ్వాడు. ఇంతకంటే మంచి సిఫారసు ఉత్తరం నా జన్మలో చూడలేదు అన్నాడు. అది చదివే నన్ను తీసుకున్నారు."

"దేవుడా. చెడగొడదామని రాస్తే..."

"నిజమే రాశావుగా. అందులో ఒక్క అబద్ధం లేదు."

"అయితే ఇన్నాళ్లూ నీకు తెలుసు. క్రిస్మస్‌కి ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని తిన్నావ్. నా పుట్టినరోజుకి బూట్లు కొనిచ్చావ్. అప్పుడూ తెలుసు."

"తెలుసు."

"ఒక్క మాట అనలేదేమే?"

"అనాలనిపించలేదు."

"ఎందుకనిపించలేదు? నీ సంగతి నాకు తెలీదా? ఎనిమిదేళ్లప్పుడు నీ బంతి పట్టే చేతి తొడుగు నేను తుడవడం మర్చిపోయానని వారం రోజులు మాట్లాడలేదు నువ్వు. వచ్చినప్పణ్ణుంచి చూస్తున్నా. కప్పుని అన్నాను, గోడని అన్నాను, నీ గడ్డిని అన్నాను. ఒక్కదానికీ తిరగబడలేదు. ప్రెసిడెంటుకి కుదరదన్న నోరు నా దగ్గర మూగబోయిందా? తిట్టు. నాలుగు తిట్లు తిడితే రేపు వచ్చి నీ పక్కన హాయిగా నిలబడతా."

"నేను తిట్టలేను నాన్నా."

"ఎందుకు తిట్టలేవ్?"

"రేపు ప్రెసిడెంటు మైకులో నీ గురించి మాట్లాడతాడు కదా. నువ్వు పని ఎందుకు మానేశావో చెబుతాడు, అప్పుడు నీకెలాగూ తెలుస్తుంది. అందుకే రావద్దన్నాను."

"ఏం తెలుస్తుంది?"

"నీకు ఉత్తరం రావడానికి ముందు వాళ్లు నన్ను పిలిచారు. ఆఫీసుకి. మే నెలలో."

"నిన్నా? ఎందుకు?"

"నీ గురించి అడగడానికి. ‘కొత్త మైదానం మీ నాన్నకే ఇద్దామనుకుంటున్నాం. ఆయన చెయ్యి తిరిగిన మనిషి. కనీసం ఐదేళ్లు ఆయన ఉంటే బాగుంటుంది. అడిగితే కాదనడు కదా?’ అన్నారు."

"నాకే? నాకే ఇద్దామనుకున్నారా?"

"నీకే."

"ఐదేళ్లా?"

"ఐదేళ్లు."

"చూశావా, నేను మీ అమ్మతో అంటూనే ఉన్నా, నన్ను అంత తేలిగ్గా ఎలా... మరి నువ్వేమన్నావ్?"

"పంతొమ్మిదేళ్లు నీ వెనకాల నిలబడ్డాను నాన్నా. నేను వేసిన గడ్డికి కూడా ‘భలే ఎమిల్’ అనేవాళ్లు. ఇంకో ఐదేళ్లంటే నాకు నలభై ఆరొస్తాయి."

"అది కాదు నేనడిగింది. ఏమన్నావ్?"

"టీ తెప్పించనా?"

"లోరెటా. వాళ్లకి ఏం చెప్పావే?"

"మా నాన్న ఇంక ఈ పని చేయనంటున్నాడు, మీరు అడిగితే మొహమాటానికి ఒప్పుకుంటాడు, దయచేసి అడగొద్దు అని చెప్పాను."